తప్పు చిన్నదే... టిక్కెట్టు మాత్రం ఇంటికి!

కాణిపాకం వెళ్ళినవారికి బాహుదా నది కథ తెలిసే ఉంటుంది. శంఖుడు, లిఖితుడు అని ఇద్దరు అన్నదమ్ములు స్వామి దర్శనానికి నడిచి వస్తున్నారు. తమ్ముడికి ఆకలేసింది. దారిలో మామిడితోట. అన్న వద్దంటున్నా ఒక పండు కోసుకు తినేశాడు. అన్న ఊరుకోలేదు. రాజుగారి దగ్గరకు తీసుకెళ్ళాడు. రాజుగారు రెండు చేతులూ నరికించేశారు. తర్వాత ఏట్లో మునిగితే లిఖితుడికి చేతులు మళ్ళీ వచ్చాయట. బాహువులు ఇచ్చింది గనుక ఆ ఏరు బాహుదా అయింది. ఇప్పుడందులో ఏడాదిలో చాలా రోజులు ఇసకే కనిపిస్తుంది, అది వేరే సంగతి.

చిన్నప్పుడు ఈ కథ విన్నప్పుడల్లా నాకు రాజుగారి మీదే కోపం వచ్చేది. పండు ఖరీదెంత, చేతుల ఖరీదెంత!

మొన్న చిత్తూరు నుంచి ఐరాల వెళ్ళే బస్సులో పక్కన కూర్చున్నావిడ చెప్పింది విన్నాక ఆ కథ మళ్ళీ గుర్తొచ్చింది. ఆవిడ కొడుకు అమెరికాలో ఎమ్మెస్ చదువుతున్నాడు. సూపర్ మార్కెట్లో సరుకులు తీసుకుని, అన్నింటికీ డబ్బు కట్టకుండా బయటికొచ్చాడని పట్టుకున్నారు. కోర్టుకు రమ్మని కాగితం ఇచ్చారు.

"ఇరవై డాలర్ల సామానంట మా. మన లెక్కలో రెండు వేలు కూడా కాదు. దానికి ఇంటికి పంపించేస్తారని చెప్తా ఉండారు. ఇరవై లక్షలు అప్పు జేసి పంపించినాము. తోట కాయితాలు బ్యాంకులో ఉండాయి. నిజంగా పంపించేస్తారా?"

పంపించెయ్యొచ్చు. ఆవిడకు ఆ మాట నా నోటితో చెప్పడం కష్టమే అయింది.

రెండు కోర్టులు, రెండు లెక్కలు

మనం అర్థం చేసుకోవాల్సింది ఒకటుంది. పరాయి దేశంలో తప్పు చేసినవారికి జరిమానాతోనో జైలుతోనో కథ ముగిసిపోదు. క్రిమినల్ కోర్టు పని అయిపోయాక ఇమిగ్రేషన్ వాళ్ళ పని మొదలవుతుంది. దేశం నుంచి పంపించెయ్యడం అమెరికా చట్టం దృష్టిలో శిక్ష కాదు, సివిల్ వ్యవహారం! అందుకే క్రిమినల్ కోర్టులో డబ్బులేని ముద్దాయికి సర్కారు లాయరును ఇస్తుంది గానీ, ఇమిగ్రేషన్ కోర్టులో ఇవ్వదు. ఎవరి లాయరును వారే పెట్టుకోవాలి.

దొంగతనం అక్కడ 'నైతిక పతనం' కింద లెక్కించే నేరం. దేశంలో అడుగుపెట్టిన అయిదేళ్ళలోపు అలాంటి నేరం ఒక్కటి చేసినా, దానికి ఏడాది గానీ అంతకుమించి గానీ శిక్ష పడే వీలుంటే, పంపించెయ్యడానికి అది చాలు. నిజంగా ఎంత శిక్ష పడిందన్నది కాదు, ఎంత పడే వీలుందన్నదే చూస్తారు. ఒక రాష్ట్రంలో చిన్న దొంగతనానికి గరిష్ఠం ఆరు నెలలుంటే, ఇంకో రాష్ట్రంలో ఏడాది ఉంటుంది. అంటే అదే తప్పుకి ఒక ఊళ్ళో పిల్లాడు ఉండిపోవచ్చు, పక్క రాష్ట్రంలో పిల్లాడు పెట్టె సర్దుకోవాల్సి రావచ్చు.

గ్రీన్‌కార్డు ఉంటే భయం లేదనుకునేవారు మనలో చాలామంది. అది పొరపాటు. పౌరసత్వం వచ్చేవరకు అందరూ పరాయివారే. కోర్టు ఏడాది శిక్ష వేసి, దాన్ని అమలు చెయ్యకుండా ఆపేసినా సరే, దొంగతనం కేసు 'ఘోర నేరం' జాబితాలోకి ఎక్కుతుంది. అది ఎక్కితే గ్రీన్‌కార్డు ఉన్నవారికి కూడా క్షమాపణ అడిగే దారులు దాదాపు మూసుకుపోతాయి. ఈ జాబితాను బాగా పొడిగించింది 1996లో వచ్చిన చట్టం.

ఇక వీసా సంగతి. దాన్ని రద్దు చెయ్యడానికి నేరం రుజువు కావాలని కూడా లేదు, అరెస్టు చాలు. 2024 మార్చిలో న్యూజెర్సీలోని హోబోకెన్‌లో ఇద్దరు తెలుగు విద్యార్థినులను సరుకులకు డబ్బు కట్టలేదన్న ఆరోపణ మీద అరెస్టు చేసినప్పుడు మన పేపర్లన్నీ రాశాయి. 2025 వసంతంలో వేలమంది విదేశీ విద్యార్థుల రికార్డులను ఒక్కసారిగా రద్దు చేశారు. వాళ్ళలో ఎప్పుడో కొట్టేసిన చిన్న కేసులవాళ్ళు కూడా ఉన్నారు. కోర్టులు తప్పుపట్టాక ఏప్రిల్ నెలాఖరులో ఆ రికార్డులు తిరిగి పెట్టారు. జులైలో ఢిల్లీలోని అమెరికా ఎంబసీయే దొంగతనం, దాడి లాంటివి చేస్తే వీసా పోతుందని, మళ్ళీ దొరక్కపోవచ్చని హెచ్చరించింది.

ఇదంతా వాళ్ళ దౌర్జన్యమే అనుకోనక్కర్లేదు. మన దేశంలో నేరం చేసిన విదేశీయుణ్ణి మనమూ శిక్ష అయ్యాక పంపించేస్తాం. 2025 సెప్టెంబరు 1 నుంచి దానికి కొత్త చట్టమే అమల్లోకి వచ్చింది.

"ఒప్పేసుకో, అయిపోతుంది"

అసలు గొయ్యి ఇక్కడుంది. మొదటి తప్పు, చిన్న తప్పు. "నేరం ఒప్పుకో, జరిమానా కట్టు, కొన్నాళ్ళు బుద్ధిగా ఉంటే కేసు తీసేస్తాం" అంటారు. పిల్లాడికి పరీక్షలుంటాయి. ఇంట్లో తెలియకూడదన్న బెంగ ఉంటుంది. సరేనంటాడు. ఆర్నెల్లకి కేసు నిజంగానే తీసేస్తారు. కానీ కోర్టులో ఒకసారి నేరం ఒప్పుకుని, దానికి ఏదైనా శిక్షో ఆంక్షో పడితే, ఇమిగ్రేషన్ చట్టం దాన్ని నేరం రుజువైనట్టే లెక్కేస్తుంది. రికార్డు చెరిపేసినా చాలా కేసుల్లో ఆ లెక్క మారదు.

హొసే పడీలియా అనే ఆయనకు ఇలాగే జరిగింది. హోండురస్‌లో పుట్టి, నలభై ఏళ్ళుగా గ్రీన్‌కార్డుతో అమెరికాలో ఉన్నాడు. వియత్నాం యుద్ధంలో ఆ దేశం తరఫున పనిచేశాడు. లారీలో గంజాయి దొరికింది. "ఇన్నేళ్ళుగా ఉన్నావు, ఇమిగ్రేషన్ గురించి దిగులొద్దు" అన్నాడు లాయరు. ఒప్పుకున్నాడు. తీరా చూస్తే పంపించెయ్యక తప్పని నేరం అది! 2010 మార్చి 31న అమెరికా సుప్రీంకోర్టు ఆ లాయరుది తప్పేనని చెప్పింది. నేరం ఒప్పుకునేముందు, దేశం వదలాల్సి వస్తుందేమో విదేశీ కక్షిదారుకు చెప్పడం లాయరు బాధ్యత అని తేల్చింది. కనుక మన పిల్లలు ఆ ప్రశ్న అడగొచ్చు. అడగాలి కూడా.

మనవాళ్ళకు ఇంకా బాగా గుర్తున్నది ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ. మిషిగన్‌లో సర్కారే నడిపిన దొంగ యూనివర్సిటీ అది. క్లాసుల్లేవు, మాస్టార్లు లేరు. ఏడాదికి సుమారు పన్నెండు వేల డాలర్ల ఫీజు మాత్రం తీసుకున్నారు. 2019 జనవరి నెలాఖరులో వల లాగారు. పిల్లల్ని చేర్పించిన దళారులు ఎనిమిది మందీ నేరం ఒప్పుకుని శిక్షలు పొందారు. విద్యార్థులు సుమారు 250 మంది పట్టుబడ్డారు. చాలామంది మనవాళ్ళే. వాళ్ళ మీద క్రిమినల్ కేసు లేదు, అయినా ఎక్కువమంది స్వచ్ఛందంగా వెళ్ళిపోతామని చెప్పి వచ్చేశారు. వాళ్ళకు తెలిసి చేశారా, తెలియక చేశారా అంటే నేను ఒక్క మాటలో చెప్పలేను. క్లాసులు లేని కాలేజీ ఏమిటని అనుమానం రావాల్సిందే. కానీ సర్కారే బోర్డు కట్టి ఫీజు తీసుకుంటే అదేం న్యాయం? ఆ ఫీజు కోసం వేసిన దావాను నడవనివ్వాలని 2024లో అప్పీలు కోర్టు చెప్పింది.

"నువ్వు ఫోన్ చేస్తే ఇద్దరం పోతాం"

ఇంతవరకు కొడుకుల గురించి. ఇప్పుడు కూతుళ్ళ గురించి. భార్యను కొట్టిన నేరం రుజువైతే, గ్రీన్‌కార్డు ఉన్నా, ఎన్నేళ్ళయినా, పంపించెయ్యడానికి అది కారణమే. దగ్గరకు రావద్దన్న కోర్టు ఉత్తర్వును మీరినా అంతే. ఈ నిబంధన కూడా 1996 నాటిదే. ఆడవాళ్ళకు మేలు చెయ్యాలని తెచ్చిన చట్టం. అదే కొన్ని ఇళ్ళల్లో మొగుడి చేతిలో కర్ర అయింది.

ఎలాగంటారా? మన అమ్మాయిలు ఎక్కువమంది హెచ్4 వీసా మీద, అంటే భర్త ఉద్యోగాన్ని పట్టుకుని వెళ్తారు. "పోలీసుల్ని పిలిస్తే నన్ను పంపిస్తారు, నా వెనక నువ్వూ పోవాలి. మీ నాన్న మొహం ఎలా చూస్తావు?" అంటాడు. ఆమె ఫోన్ కింద పెట్టేస్తుంది. చెంప వాపు తగ్గేదాకా వీడియో కాల్‌కి రాదు. ఇక్కడ అమ్మేమో నెట్‌వర్క్ బాలేదేమో అనుకుంటుంది.

అతను చెప్పేది సగమే నిజం. హెచ్1 పోతే హెచ్4 పోతుంది, నిజమే. కానీ మిగతా సగం అతను చెప్పడు. గృహహింసకు గురై, కేసులో పోలీసులకు సాయం చేసిన స్త్రీ తన సొంత పేరు మీద 'యు' వీసా అడగొచ్చు. ఏడాదికి పదివేలే ఇస్తారు గనుక ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి, అయినా దారి ఉంది. హింసకు గురైన హెచ్4 భార్యలు తమంతట తామే పనిచేసుకునే అనుమతి అడగొచ్చు. 2017 నుంచి ఆ దరఖాస్తులు తీసుకుంటున్నారు. భర్త పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో అయితే, అతని సంతకం అక్కర్లేకుండా ఆమే గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కొట్టిన కారణంగానే అతని హోదా పోయినా, రెండేళ్ళలోపు పెట్టుకుంటే చెల్లుతుంది.

ఇంకో సంగతి. పోలీసులొచ్చినప్పుడు ఇంగ్లీషు బాగా వచ్చినవాడి మాటే ముందు వినపడుతుంది. తోపులాటలో అతని మొహాన గోరు గీత పడి ఉంటే, ఆమెనే పట్టుకెళ్ళే ప్రమాదమూ ఉంది. అప్పుడామె అర్థంకాక తల ఊపి ఒప్పేసుకుంటే, మచ్చ పడేది ఆమె కాగితాల మీదే. కనుక తెలుగు దుబాసీ కావాలని అడగాలి. అరెస్టయిన ఎవరైనా మన ఎంబసీకి కబురు పెట్టమని కోరే హక్కు 1963 నాటి వియన్నా ఒప్పందంలోనే ఉంది. న్యూజెర్సీలో 'మానవి' అనే సంస్థ 1985 నుంచి మన ప్రాంతపు ఆడవాళ్ళ కోసమే పనిచేస్తోంది. ఇలాంటివి మరికొన్ని నగరాల్లోనూ ఉన్నాయి.

కువైట్ వెళ్ళిన మన చిత్తూరు, కడప ఆడవాళ్ళ కథ ఇంకో రకం. అక్కడ కోర్టు శిక్షతో పాటు పంపెయ్యమని చెప్పడం ఒకటి, కోర్టుతో పనిలేకుండా అధికారులే పంపెయ్యడం మరొకటి. వేళకు తిండి పెట్టక, జీతం ఇవ్వక సతాయిస్తే ఇల్లు వదిలి బయటికొచ్చిన మనిషి మీద యజమాని 'పారిపోయింది' అని కాగితం పెడితే చాలు. వేలిముద్రలు తీసుకుని విమానం ఎక్కిస్తారు. 2015 చట్టం ప్రకారం పనిమనిషి పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు, వారానికో రోజు సెలవివ్వాలి. ఈ మాట తెలియకుండానే మనవాళ్ళు వెళ్తున్నారు. బయటికి రావాల్సి వస్తే తెలిసినవాళ్ళ ఇంట్లో దాక్కోవడం కాదు, నేరుగా మన ఎంబసీకి వెళ్ళాలి.

బస్సు దిగేముందు

నేను చెప్పిందంతా విని ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది.

"కాణిపాకంలో స్వామి ముందర తప్పు ఒప్పుకుంటే మంచిదంటాము. ఆడికి పోతే ఒప్పుకోవద్దంటావేమి మా?"

అబద్ధం చెప్పమనడం లేదమ్మా, అన్నాను. ఒప్పుకుంటే ఏమవుతుందో తెలిసిన లాయరును ముందు అడగమంటున్నాను. మామూలు క్రిమినల్ లాయరు ఒక్కడే చాలడు, ఇమిగ్రేషన్ తెలిసినవాళ్ళు కూడా చూడాలి. కోర్టు తేదీకి వెళ్ళకుండా మాత్రం ఉండకూడదు, అరెస్టు వారంటు వస్తుంది. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుంటుంది, అక్కడా అడగొచ్చు.

"తేదీ వచ్చే వారమే" అంది. ఐరాల వచ్చేసింది. సంచి చంకన పెట్టుకుని దిగి, స్టాండులోనే నిలబడి ఫోన్ నోటి దగ్గర పెట్టుకుంది. అక్కడ అర్ధరాత్రి, వాడు నిద్రలో ఉంటాడు. లేవగానే వింటాడని మాట రికార్డు చేస్తోంది. బస్సు కదిలేసరికి నాకు వినపడింది ఇంతే: "నాయినా, నేను తిట్టను. సంతకం మాత్రం పెట్టద్దు. ముందు నాకు ఫోన్ జెయ్యి."