జైళ్ళ శాఖలో ఉద్యోగావకాశాలు

జైళ్ళ పరిపాలన అనగా కారాగారాల భద్రతతో పాటు ఖైదీల పోషణ, వైద్యం, విద్య, వృత్తి శిక్షణ, పునరావాసం మొదలైన బాధ్యతల నిర్వహణ. భారత రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితా 4వ అంశం ప్రకారం ఇది రాష్ట్రాల పరిధిలోనిది. అందుచేత నియామకాలను కూడా రాష్ట్ర ప్రభుత్వాలే జరుపుతాయి.

నియామక విధానం

ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో వార్డరు, డిప్యూటీ జైలరు ఉద్యోగాలను పోలీసు నియామక మండలి భర్తీ చేస్తుంది. వీటికి రాత పరీక్షతో పాటు దేహదారుఢ్య పరీక్షలు కూడా ఉంటాయి. డిప్యూటీ సూపరింటెండెంటు ఉద్యోగం గ్రూప్-1 పరీక్ష ద్వారా లభిస్తుంది. శాఖాధిపతిగా సాధారణంగా ఐ.పి.ఎస్. అధికారిని నియమిస్తారు. దక్షిణాది రాష్ట్రాల జైలు అధికారులకు శిక్షణనిచ్చే సంస్థ 1979లో వేలూరులో ఏర్పడింది.

సిబ్బంది కొరత

జాతీయ నేర గణాంక సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరినాటికి దేశంలోని 1,330 జైళ్ళలో 4,36,266 మందికి మాత్రమే వసతి ఉండగా 5,73,220 మంది ఉన్నారు. వీరిలో సుమారు 76 శాతం విచారణలో ఉన్నవారే. మంజూరైన సిబ్బంది పోస్టులలో దాదాపు 30 శాతం ఖాళీగా ఉన్నాయి. కాపలా సిబ్బంది చాలనప్పుడు చదువు, వృత్తి శిక్షణ వంటి కార్యక్రమాలు ముందుగా కుంటుపడతాయి. 2016 నాటి నమూనా జైలు నియమావళి ప్రతి 500 మంది ఖైదీలకు ఒక మనస్తత్వ నిపుణుడు ఉండాలని సూచించింది. కాని దేశమంతటా అటువంటివారు 25 మంది మాత్రమే ఉన్నట్లు 2025లో వెలువడిన ఇండియా జస్టిస్ రిపోర్టు తెలిపింది.

భవిష్యత్తు

ఖాళీలు ఉన్నంత మాత్రాన ఉద్యోగాలు ఉన్నట్లు కాదు. ప్రభుత్వ ఆర్థిక శాఖ అనుమతించి, ప్రకటన వెలువడినప్పుడే అవి భర్తీ అవుతాయి. ప్రకటనల మధ్య కొన్ని సంవత్సరాల విరామం కూడా ఉండవచ్చు. కనుక అభ్యర్థులు ఈ ఒక్క శాఖపైనే ఆధారపడక, ఉమ్మడి పరీక్షలకు సిద్ధం కావటం మేలు.

2024 జులై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 479వ సెక్షను, తొలిసారి నేరారోపణకు గురైనవారిలో అర్హులు గరిష్ఠ శిక్షలో మూడవ వంతు కాలం జైలులో గడిపితే విడుదలకు వీలు కల్పించింది. ఇది సక్రమంగా అమలైతే రద్దీ తగ్గవచ్చును. అయినను సంక్షేమాధికారి, మనస్తత్వ సలహాదారు, వృత్తి బోధకుడు వంటివారి అవసరం తగ్గదు. సామాజిక సేవ, మనస్తత్వ శాస్త్రం, నేర శాస్త్రం చదివినవారికి ఇటువంటి పోస్టులే అనువైనవి. వీటిని రాష్ట్రాలు ఎంతమేరకు మంజూరు చేస్తాయనేదే ఈ రంగపు భవిష్యత్తును నిర్ణయిస్తుంది.