చెల్లించవలసిన రుసుము - చెల్లించవలసిన విద్యార్థి

కొన్ని సంవత్సరముల క్రిందట, నేను వేరొక కళాశాలలో పని చేయుచున్నప్పుడు, డిగ్రీ రెండవ సంవత్సరపు విద్యార్థి యొకడు ఒక కాగితము పట్టుకొని నా వద్దకు వచ్చినాడు. రుసుములో రాయితీ కోరుచు అతడు పెట్టుకొన్న అర్జీ అది. ఒక వాక్యము క్రింద ఎఱ్ఱ సిరాతో గీత గీసి, ఏ మాటయు వ్రాయకుండ, దానిని తిరిగి ఇచ్చివేసినారు. గీత గీసిన వాక్యమిది: ‘ఐ యామ్ ఎ స్టూడెంట్ హూ మస్ట్ బి పెయిడ్ ది ఫీ, అండ్ ది ఫీ విచ్ మస్ట్ పే ఈజ్ బియాండ్ మై ఫాదర్స్ మీన్స్.’

మొదటి సగమునకు అర్థము, రుసుమును ఇతనికే ఎవరో చెల్లించవలెనని. అనగా కళాశాలయే ఇతనికి బాకీ పడినది. రెండవ సగములో రుసుమే స్వయముగా లేచి వెళ్లి ఎవరికో డబ్బు కట్టవలెను. చదివి నవ్వినవారున్నారని చెప్పుచు ఆ పిల్లవాడు తల వంచుకొన్నాడు. తండ్రి దర్జీపని చేయువాడు. గడువు ఇంక రెండు దినములే యున్నది.

అతడు వ్యాకరణము రానివాడు కాడు. ‘ది బాయ్ మస్ట్ పే ది ఫీ’ అను వాక్యమును పాసివ్ వాయిస్ లోనికి మార్చుమనగా తడుముకొనక ‘ది ఫీ మస్ట్ బి పెయిడ్ బై ది బాయ్’ అని చెప్పినాడు. పరీక్షలో అడిగిన చోట తప్పు చేయనివాడు, తన సొంత మాట చెప్పుకొనవలసిన చోట ఎందుకు తడబడినాడు? ఈ ప్రశ్న నన్ను చాలకాలము వెంటాడినది. సమాధానము ఆంగ్ల వ్యాకరణములో గాక, మన తెలుగు వాక్యములో నాకు దొరికినది.

‘చెల్లించవలసిన’ అను ఒక్క మాటను చూడుడు. చెల్లించవలసిన విద్యార్థి అందుము. చెల్లించవలసిన రుసుము అందుము. చెల్లించవలసిన తేదీ, చెల్లించవలసిన కౌంటరు అనియు అందుము. నాలుగు చోట్లను మాట మారలేదు. విద్యార్థి చెల్లించువాడు, రుసుము చెల్లింపబడునది, తేదీ కాలము, కౌంటరు స్థలము. ఈ భేదమును క్రియ చెప్పదు. తరువాత వచ్చు నామవాచకమును బట్టి వినువాడే గ్రహించుకొనును. విద్యార్థి కట్టువాడే కాని కట్టబడువాడు కాడని మనకు లోకజ్ఞానము చెప్పును. ఇంత పొదుపైన ఏర్పాటు మన భాషలో నుండుట మన అదృష్టము.

ఆంగ్లము ఈ పొదుపును ఒప్పుకొనదు. అదే నాలుగు మాటలను ఆంగ్లములో చెప్పి చూడుడు. ‘ది స్టూడెంట్ హూ మస్ట్ పే’. ‘ది ఫీ విచ్ మస్ట్ బి పెయిడ్’. ‘ది డేట్ బై విచ్ ది ఫీ మస్ట్ బి పెయిడ్’. ‘ది కౌంటర్ ఎట్ విచ్ ది ఫీ మస్ట్ బి పెయిడ్’. విద్యార్థి విషయములో కర్తరి ప్రయోగము, తక్కిన మూటియందు కర్మణి ప్రయోగము. చివరి రెంటియందు ‘విచ్’ కు ముందు ‘బై’, ‘ఎట్’ అను విభక్తి వంటి మాటలు వచ్చి చేరినవి. రుసుము మరల కనబడినది. తెలుగులో వినువానికి విడిచిపెట్టిన పనిని ఆంగ్లములో వ్రాయువాడే చేయవలెను. మన విద్యార్థి ‘చెల్లించవలసిన’ కు సమానముగా ‘మస్ట్ పే’ అను ఒక్క అచ్చును మనస్సులో పెట్టుకొని, ఏ నామము వచ్చినను దానినే గుద్దుచున్నాడు. తప్పని ఎవరైన చెప్పగనే భయపడి, ‘బి పెయిడ్’ ను తీసికొనిపోయి అక్కరలేని చోట తగిలించుచున్నాడు. ఆ అర్జీలో జరిగినది ఇదే.

ద్రావిడ భాషలకు సంబంధ సర్వనామము లేదనియు, నిజమైన కర్మణి ప్రయోగము లేదనియు కాల్డ్వెల్ పండితుడు 1856లో వెలువరించిన తన తులనాత్మక వ్యాకరణములోనే వ్రాసినాడు. ‘చెల్లింపబడును’ అను రూపము మనకు లేకపోలేదు. కాని అది కార్యాలయపు కాగితములకును అనువాదములకును అలవాటైనది, ఇంటిలో ఎవరును అనరు. ‘అన్నము తినబడినది’ అని తల్లితో చెప్పిన బిడ్డను నేనింతవరకు చూడలేదు.

ఉర్దూ మాధ్యమమునుండి వచ్చిన విద్యార్థుల స్థితి కొంత వేరు. వారికి ‘జో’ అను సంబంధ పదము కలదు, ‘జానా’ తో ఏర్పడు కర్మణి రూపమును కలదు. ‘జిస్ తాలిబె ఇల్మ్ కో ఫీస్ అదా కర్నీ హై’ అనియు, ‘జో ఫీస్ అదా కీ జానీ హై’ అనియు వారు రెంటిని వేరు చేసి చెప్పగలరు. అయినను మాటలాడునప్పుడు రెండవ దానిని గూడ ‘జో ఫీస్ అదా కర్నీ హై’ అనియే అనుట కద్దు. అక్కడనే వారును జారుదురు. ఇంక మన హైదరాబాదు దక్కనీ సంగతి మరియు చిత్రము. ‘హమ్ దేఖే సో పిక్చర్’ అను మాట ‘మనము చూచిన సినిమా’ అను తెలుగు మాటకు అచ్చముగా అద్దము పట్టును. ఇరుగు పొరుగుగా బ్రతికిన భాషలు ఇట్లు ఒకదాని నడక నొకటి నేర్చుకొన్నవి. కాబట్టి ఈ తడబాటు ఒక్క తెలుగువారి సొత్తు కాదు.

పరీక్షించుకొనుటకు ఉపాయ మొక్కటే. ‘హూ’, ‘విచ్’ లను తీసివేసి, వాటికి ముందున్న నామమునే ఆ స్థానమున నిలిపి చదువవలెను. ‘ది ఫీ మస్ట్ పే’ అన్నప్పుడు చెవికే తెలియును. రూపమును గూర్చి చెప్పవలసినది స్వల్పము. కెన్, కుడ్, మే, మైట్, షల్, షుడ్, విల్, వుడ్, మస్ట్ అనునవి ఏకవచన బహువచనములకు మారవు. వీటి తరువాత కర్మణియందు ‘బి’ మాత్రమే వచ్చును, ఆపైన పాస్ట్ పార్టిసిపుల్. ‘మస్ట్ ఈజ్ పెయిడ్’ అనియు, ‘మస్ట్ బి పే’ అనియు లేదు.

అర్థమును గూర్చి మాత్రము కొంత ఆగవలెను. ‘ప్రశ్నాపత్రములో వ్రాయనక్కరలేని ప్రశ్నలు’ ఆంగ్లములో ‘విచ్ నీడ్ నాట్ బి ఆన్సర్డ్’ అగును. ‘విచ్ మస్ట్ నాట్ బి ఆన్సర్డ్’ అన్నచో అవి వ్రాయకూడని ప్రశ్నలు. ‘అక్కరలేదు’, ‘కూడదు’ అను మాటలను తెలుగులో ఎవరును కలగలుపరు గదా! అయినను ‘మస్ట్’ కు ‘నాట్’ చేర్చినంతనే ‘అక్కరలేదు’ అగునని మనవారు భ్రమపడుదురు. గ్రంథాలయములో ‘బుక్స్ విచ్ మే నాట్ బి టేకన్ హోమ్’ అని వ్రాసినచో అది నిషేధము. ‘ఎ లెటర్ విచ్ మే నాట్ బి డెలివర్డ్ టుడే’ అన్నప్పుడు అది కేవలము సందేహము. ‘ది ఫీ విచ్ షుడ్ హావ్ బీన్ పెయిడ్ ఇన్ జూన్’ అనినచో జూన్‌లో కట్టవలసియుండగా కట్టలేదని సాధారణముగా స్ఫురించును. అదే చోట ‘మస్ట్ హావ్ బీన్’ అన్నచో కట్టియే యుందురని వ్రాసినవాని ఊహ. ఒక్క మాట మార్పుతో బాకీదారు నిర్దోషి యగును.

ఈ ప్రయోగముల బలమును చూడగోరువారు మన రాజ్యాంగము 29వ అధికరణము రెండవ ఖండమును ఆంగ్లములో చదువవలెను. ప్రభుత్వము నిర్వహించునట్టి, లేదా ప్రభుత్వ నిధులనుండి సహాయము పొందునట్టి ఏ విద్యాసంస్థయందును, మతము, జాతి, కులము, భాష అను కారణములచేత మాత్రమే ఏ పౌరునికిని ప్రవేశము నిరాకరింపరాదని దాని భావము. అచ్చట క్రియ ‘షల్ బి డినైడ్’. నిరాకరించువాడెవడో చెప్పలేదు, కావుననే ఏ అధికారియు, ఏ సంఘమును దానినుండి తప్పించుకొనజాలదు. కర్తను విడిచిపెట్టుటయే ఆ వాక్యమునకు కోటగోడ. 30వ అధికరణము మొదటి ఖండములో అల్పసంఖ్యాకులకు హక్కు నిచ్చునప్పుడు మాత్రము ‘షల్ హావ్’ అని కర్తరి ప్రయోగమే వాడినారు. హక్కు ఎవరిదో స్పష్టముగా చెప్పవలసి యుండెను గదా!

ఆ 29వ అధికరణములోనే సంస్థను వర్ణించునప్పుడు ‘విచ్ ఈజ్’ లేకుండ ‘మెయిన్‌టెయిన్డ్ బై ది స్టేట్’ అని సంక్షేపించినారు. దీనిని చూచి మన విద్యార్థులు ‘ది ఫీ మస్ట్ పెయిడ్’ అని కుదించుట గలదు. అట్లు కుదరదు. మోడల్ క్రియ యున్నచోట ‘విచ్’ ను తీసివేయవలెనన్న ‘ది ఫీ టు బి పెయిడ్’ అనవలెను. ఒట్టి ‘ది ఫీ పెయిడ్’ అన్నచో రుసుము కట్టివేసినట్లే, రసీదు చూపుమందురు.

ఇచ్చట కళాశాల కమిటీ పెద్దలకును ఒక మనవి. రాజ్యాంగములో కోటగోడయైనది నోటీసు బోర్డుమీద గొయ్యి యగును. ‘ది ఫారమ్ విచ్ మస్ట్ బి సైన్డ్’ అని మాత్రము వ్రాసినచో ఎవరు సంతకము చేయవలెను? విద్యార్థియా, తండ్రియా, ప్రిన్సిపాలుగారా? ‘సంతకము చేయవలసిన ఫారము’ అని తెలుగులో వ్రాసినను అదే చిక్కు. పిల్లవాడు తానే సంతకము చేసి పంపును. తండ్రి సంతకము లేదని అది తిరిగి వచ్చును. అంతలో గడువు దాటిపోవును. ‘బై ది ఫాదర్ ఆర్ గార్డియన్’ అను నాలుగైదు మాటలకు బోర్డుమీద స్థలము చాలకపోదు. అర్జీలోని తప్పునకు ఎఱ్ఱ గీత గీయు చేతులు, నోటీసు వ్రాయునప్పుడు ఆ మాటలను చేర్చినచో సగము అర్జీలు తిరిగి రావు.

ఆ విద్యార్థి అర్జీని నేను దిద్దలేదు. నామమును ‘హూ’, ‘విచ్’ ల స్థానమున నిలిపి చదువుమని మాత్రము చెప్పి, ప్రక్క కుర్చీ చూపినాను. అరగంట కొట్టివేతల తరువాత అతడు చూపిన వాక్యమిది: ‘ఐ యామ్ ఎ స్టూడెంట్ హూ మస్ట్ పే ఎ ఫీ విచ్ కెనాట్ బి పెయిడ్ బై మై ఫాదర్ ఇన్ వన్ ఇన్‌స్టాల్‌మెంట్.’ చెల్లించవలసినవాడు తాను, చెల్లించలేనిది రుసుము, చెల్లించలేనివాడు తండ్రి. మూడును తమ తమ స్థానములలో నిలిచినవి. మరునాడు ఉదయముననే దానిని తిరుగ వ్రాసి కార్యాలయములో ఇచ్చి వచ్చినాడు.