తొలకరి వాసన తెలియని ఏడు

2021 మే నెల. బాణలిలో శెనక్కాయ విత్తనాలు మాడి పొగలు కక్కుతున్నాయి. పొయ్యి దగ్గరే కూర్చుని కూరగాయలు తరుగుతున్న మా చిన్నమ్మ తలెత్తలేదు. వాకిట్లో ఉన్న నాకు ముందు తెలిసింది. ఆ రాత్రి సంగటిలోకి శెనక్కాయల పచ్చడి ఊరుబిండి వేస్తే ఒక ముద్ద తిని, "నోరు మండుతాంది గానీ రుచే లేదప్పా" అంది.

కోవిడ్ పట్టిన ఆమె మాట అక్షరాలా నిజం. మిరపకాయ మంట అసలు రుచే కాదు, ట్రైజెమినల్ నరం మోసుకెళ్లే నొప్పి. నాలుకకు తెలిసేవి ఉప్పు, పులుపు, తీపి, చేదు, ఉమామి. వేయించిన శెనక్కాయ కమ్మదనం, వెల్లుల్లి వాసన నమిలేటప్పుడు గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కే ఆవిరి. అక్కడ దాదాపు 400 రకాల గ్రాహకాలు దాన్ని పట్టుకుంటాయి. కోవిడ్‌లో కొందరికి నాలుక కూడా మొద్దుబారింది గానీ, "రుచి పోయింది" అన్నవారిలో ఎక్కువమందికి పోయింది వాసనే.

జలుబులో ముక్కు దిబ్బడ వేస్తుంది. కోవిడ్‌లో ముక్కు తెరిచే ఉన్నా వాసన లేదు. మన కేంద్ర ఆరోగ్య శాఖ 2020 జూన్ 13న దీన్ని కోవిడ్ లక్షణాల్లో చేర్చింది. వైరస్ లోపలికి దూరడానికి వాడుకునే ఏసీఈ-2 ప్రోటీన్ వాసన పట్టే నరకణాల మీద లేదనీ, వాటికి ఆసరాగా ఉండే కణాల మీద ఉందనీ అదే ఏడు హార్వర్డ్ శాస్త్రవేత్తలు చూపారు. నీళ్లు కట్టే మనిషి మంచం పడితే చేను వాడిపోతుంది చూడండి, అలాగన్నమాట. ఆసరా కణాలు మళ్లీ పుడతాయి. అందుకే చాలామందికి కొన్ని వారాల్లో వాసన తిరిగొచ్చింది. కొందరికి నెలలు పట్టింది. ఇంకొందరికి కాఫీ, ఉల్లిగడ్డ కుళ్లు కంపు కొట్టాయి. ఇష్టమైన తిండే అసహ్యమవడం ఎంత నరకమో పడినవారికే తెలుసు.

జర్మనీలోని డ్రెస్డెన్‌లో థామస్ హుమ్మెల్ అనే వైద్యుడు పోయిన వాసనను తిరిగి తెచ్చుకునే ఒక సాధనను పరీక్షించి 2009లోనే ఫలితాలు ప్రచురించాడు. గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం వాసనలను రోజుకు రెండుసార్లు, 12 వారాలపాటు మనసు పెట్టి పీల్చాలి. చిన్నమ్మ పోపులపెట్టెలోని లవంగంతో మొదలుపెట్టింది.

ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకం లేని మా అనంతపురంలో తొలకరి వాసన ఒక కబురు. ఎండిన మట్టిలోని స్ట్రెప్టోమైసెస్ బ్యాక్టీరియా తయారుచేసే జియోస్మిన్ చినుకు తాకిడికి గాలిలోకి లేస్తుంది. లక్ష కోట్ల వంతుల్లో కొన్ని వంతులున్నా మన ముక్కు పసిగడుతుంది. ఆ ఏడు వాన పడినప్పుడు చిన్నమ్మ దాన్ని చూసింది, విన్నది, అంతే.

మరుసటేడు జూన్‌లో ఒక సాయంత్రం చాట కింద పెట్టి వాకిట్లోకొచ్చింది. మా మీద ఇంకా చినుకు రాలలేదు. "యాడో పడతాందప్పా" అంది.