ఊదకండి, తుడవండి!

భోగి వస్తోందంటే చాలు, మా ఆవిడకు బేస్‌మెంటు గుర్తొస్తుంది. తెనాలిలో అయితే విరిగిన కుర్చీలు, చిల్లుపడ్డ బుట్టలు తెల్లవారుజామున భోగిమంటలో వేసేవాళ్ళం. అరోరాలో జనవరి నెలలో పెరట్లో మంట మాట దేవుడెరుగు, తలుపు తీసి గుమ్మంలో నిలబడడమే ఒక సాహసం. అందుకని ఇక్కడ మా భోగి అంటే బేస్‌మెంటు సర్దడం, పనికిరానివన్నీ గరాజ్‌లోకి చేరవెయ్యడం.

ఆ సర్దుడులో ఒక అట్టపెట్టె బయటపడింది. అందులో మావాడి చిన్నప్పటి నింటెండో, చుట్టలు చుట్టుకుపోయిన తీగలు, పదకొండు ఆటల కేట్రిడ్జిలు. పది బూడిదరంగువి, ఒకటి బంగారు రంగుది. "ముప్పై ఏళ్ళయింది, ఎవరు ఆడతారు? పారేద్దాం" అంది మా ఆవిడ. సెలవులకు వచ్చిన తొమ్మిదేళ్ళ మనవరాలు మాత్రం పెట్టె ముందు చతికిలబడి, "తాతయ్యా, ఇది నాన్న ఆడిన ఆటా? మనం ఆడదామా?" అంది.

సాయంత్రం మావాడికి ఫోనులో ఈ సంగతి చెప్పాను. ఒక్క క్షణం మాట్లాడలేదు. తరవాత, "నాన్నా, మిగతావి మీ ఇష్టం. ఆ బంగారు రంగుదాన్ని మాత్రం తొందరపడి పెట్టకండి. దాంట్లో తాతగారి ఆట ఉంది" అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. మా నాన్నగారు 1990 వేసవిలో ఆరు నెలలకని వచ్చారు. హైస్కూలు మాస్టారుగా రిటైరైన మనిషి. పగలు మేమిద్దరం ఉద్యోగాలకు పోతే ఇంట్లో ఆయనా, మావాడూ. ఆదివారం బాలాజీ గుడి సరే, మిగతా ఆరు రోజులు ఏం చేస్తారు? మనవడే ఆయనకు 'లెజెండ్ ఆఫ్ జెల్డా' నేర్పాడు. అందులో ముగ్గురు ఆటగాళ్ళు పేర్లు రాసుకుని, ఎవరి ఆట వాళ్ళు దాచుకోవచ్చు. రెండో వరసలో టి, ఏ, టి, ఏ అని నాలుగు ఇంగ్లీషు అక్షరాలు కొట్టి 'తాత' అని పేరు పెట్టాడు. ఆఫీసు నుంచి వచ్చేసరికి నాన్నగారు పంచె ఎగగట్టి, కళ్ళజోడు సవరించుకుంటూ, "ఒరే, ఈ గుహలోంచి బయటపడే దారి ఏదిరా?" అని అడుగుతూ ఉండేవారు. 1994లో ఆయన పోయారు. ఆయన దస్తూరీతో రెండు ఉత్తరాలు మిగిలాయి. మూడోది ఈ కేట్రిడ్జి అన్నమాట!

దాన్ని చెడగొట్టకుండా ఎలా శుభ్రం చేశానో రాస్తున్నాను. మన సభ్యుల బేస్‌మెంట్లలో ఇలాంటి పెట్టెలు తక్కువేమీ ఉండవు.

ఊదితే ఏమవుతుంది?

నింటెండో 1985లో న్యూయార్కులోనూ, 1986లో దేశమంతటా అమ్మకానికి వచ్చింది. ఆట రాకపోతే కేట్రిడ్జి తీసి, నోటి దగ్గర పెట్టుకుని, పిల్లనగ్రోవిలా ఈ చివరి నుంచి ఆ చివరికి ఊదడం ఆనాటి పిల్లలందరికీ తెలిసిన వైద్యం. ఇండియాలో ఉన్నవాళ్ళూ తక్కువ తినలేదు. 1990లలో కోఠీలోనూ, బెజవాడలోనూ కొన్న టీవీ గేముల పసుపుపచ్చ కేట్రిడ్జిలకూ ఇదే మంత్రం. ఊదగానే పనిచేసేది కూడా. ఎందుకు?

పని చేసింది ఊపిరి కాదు, తీసి మళ్ళీ పెట్టడం. కేట్రిడ్జి అడుగున పైన 36, కింద 36, మొత్తం 72 లోహపు పట్టీలు ఉంటాయి. యంత్రంలో వాటికి ఎదురుగా 72 స్ప్రింగు పిన్నులు. ముఖ్యమైన జత ఒక్కటి కలవకపోయినా ఆట సరిగా నడవదు. తీసి పెట్టినప్పుడు కొద్దిగా రాపిడి జరిగి మళ్ళీ కలుస్తాయి. మన ఊపిరిలో ఉన్న తేమ మాత్రం పట్టీల మీదే ఉండిపోతుంది. ఏళ్ళ తరబడి ఆ తడి, వేళ్ళ జిడ్డు, దుమ్ము కలిసి నల్లటి పొర కడతాయి, లోహం తినేస్తుంది. అంటే మనం మందనుకుని వేసింది రోగాన్నే పెంచిందన్నమాట.

ఎర్రదీపం ఆగి ఆగి వెలుగుతుంది కదా, దానికీ కారణం ఉంది. యంత్రంలో ఒక చిప్పు, కేట్రిడ్జిలో ఒక చిప్పు నిరంతరం మాట్లాడుకుంటూ ఉంటాయి. దొంగ కేట్రిడ్జిలు నడవకుండా పెట్టిన కాపలా అది. మురికి వల్ల ఆ సంభాషణ తెగితే, కాపలావాడు సెకనుకొకసారి యంత్రాన్ని మళ్ళీ మొదటికి తెస్తాడు. 1993లో వచ్చిన, పైనుంచి కేట్రిడ్జి పెట్టే నింటెండోలో ఈ కాపలా చిప్పు లేదు.

ముందు చెయ్యకూడనివి

నేను ఇరవై ఏడేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజి పరికరాల మీద పనిచేసిన ఇంజనీరుని. అయినా సిగ్గు విడిచి చెబుతున్నాను, అప్పట్లో మావాడి ఆట ఒకదాన్ని సన్న గరుకు కాగితంతో రుద్ది శాశ్వతంగా పాడుచేశాను. ఆ పట్టీలు రాగివి, పైన బంగారు పూత. పూత అంటే పూతే, తల వెంట్రుక మందంతో పోలిస్తే ఎన్నో రెట్లు పలచన. అది పోతే కింద లోహం బయటపడి త్వరగా చిలుము పడుతుంది.

కాబట్టి గరుకు కాగితం వద్దు. ఇత్తడి చెంబు తోమినట్టు చింతపండు వద్దు. పీతాంబరి పొడి, మెటల్ పాలిష్ వద్దు. కీచుమనే తలుపులకు కొట్టే నూనె స్ప్రేలు వద్దు, అవి జిడ్డు వదిలి మళ్ళీ దుమ్మును పిలుస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం, మురికిగా ఉన్న కేట్రిడ్జిని "చూద్దాం, వస్తుందేమో" అని పెట్టి పవర్ నొక్కకండి. పిన్నులు సరిగా కలవకపోతే దాచుకున్న ఆట చెరిగిపోయే ప్రమాదం ఉంది. మావాడు తొందరపడొద్దన్నది అందుకే. ముందు శుభ్రం, తరవాతే పవర్.

చెయ్యవలసినవి

కావలసినవి మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్, క్యూ-టిప్స్, ఒక పొడి తువ్వాలు. సీసా మీద 91 శాతం గాని, 99 శాతం గాని ఉండాలి. 70 శాతం సీసాలో మిగతాది నీళ్ళే, ఆరడం ఆలస్యం.

ఇది చప్పున అంటుకునే ద్రవం. ఒక పొయ్యి మీద అరిసెలు వేగుతుంటే పక్కనే కిచెన్ టేబుల్ మీద ఈ పని పెట్టుకోకండి. దేవుడి దీపానికి దూరంగా, కాస్త గాలి ఆడేచోట కూర్చోండి. సీసా పిల్లలకు అందనివ్వకండి.

మన చలికాలంలో ఇంకొక చిక్కు. హీటరు వేసిన ఇంట్లో గాలి పొడిగా ఉండి, కార్పెట్ మీద నడిచి తలుపు పిడి ముట్టుకుంటే చురుక్కుమంటుంది. 1881లోనే వీధుల్లో కరెంటు దీపాలు పెట్టుకుని దీపాల నగరమని పేరు తెచ్చుకున్న ఊరు మనది. కాని ఈ కరెంటు చిప్పులకు మంచిది కాదు. ఉన్ని స్వెట్టరు తీసేసి, ముందు ఏదైనా పెద్ద లోహపు వస్తువును ముట్టుకుని, అప్పుడు కేట్రిడ్జి పట్టుకోండి. పట్టీలను వేళ్ళతో తాకకండి.

క్యూ-టిప్‌ను ఆల్కహాల్‌లో ముంచి పిండండి. తడిగా ఉండాలి గాని కారకూడదు. కేట్రిడ్జి నోరు కిందికి ఉంచి, పట్టీ పొడవునా, పెట్టి తీసే దిశలోనే తుడవండి. అడ్డంగా రుద్దితే దూది పోగులు ఇరుక్కుంటాయి. మొదటి పుల్ల కాటుకలా నల్లబడుతుంది, కంగారుపడకండి. పుల్లలు మారుస్తూ, తెల్లగా వచ్చేదాకా రెండు వైపులా తుడిచి, చివర పొడి పుల్లతో ఒకసారి. తరవాత కనీసం పావుగంట ఆరనివ్వండి.

కేట్రిడ్జి వెనక బెంజీను, థిన్నరు, ఆల్కహాలు వాడవద్దని అచ్చువేసి ఉంటుంది, మరి మీరేమిటి ఇలా అంటారు అని అడగవచ్చు. ప్లాస్టిక్కుకూ, బొమ్మ కాగితానికీ, దాని మీద పిల్లలు రాసుకున్న పేరుకూ ఒక్క చుక్క తగలనివ్వకండి. లోహపు పట్టీలకు మాత్రం, అదీ తక్కువ తడితో. పాత ఆటలు బాగుచేసేవాళ్ళు ఏళ్ళుగా చేస్తున్నది ఇదే.

ఇంకా నలుపు వదలకపోతే డొప్ప విప్పాలి. చాలావాటికి మామూలు స్క్రూడ్రైవరు పట్టదు, 3.8 మిల్లీమీటర్ల ప్రత్యేకమైన బిట్ కొనాలి. విప్పాక మెత్తని తెల్ల రబ్బరుతో తేలికగా రెండుమూడు సార్లు రుద్ది, పొట్టు దులిపి, మళ్ళీ ఆల్కహాల్‌తో తుడవండి. ఇది ఆఖరి ఉపాయం, మొదటిది కాదు.

లోపల నాణెం లాంటి బ్యాటరీ కనబడితే దాన్ని ముట్టుకోకండి. ఆట దాచేది అదే. జెల్డా 1987లో అమెరికాకు వచ్చినప్పుడు దాని విశేషమే ఆ మూడు వోల్టుల బ్యాటరీ. అది ఊడితే లోపలి ఆట పోతుంది. అది ఎప్పుడో ఒకప్పుడు అయిపోయేదే, మార్చవలసి వస్తే టంకం పని తెలిసినవాళ్ళకే ఇవ్వండి. విడి బ్యాటరీ చిన్నపిల్లలు మింగితే ప్రాణాంతకం, వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి.

ఇక పరీక్ష

ముందు బ్యాటరీ లేని బూడిదరంగు ఆట ఒకటి శుభ్రం చేసి పెట్టాను. ఎర్రదీపం కన్నుకొట్టింది. యంత్రం పిన్నులూ మురికేనన్నమాట. ప్లగ్గు పీకేసి, అదే కేట్రిడ్జిని అయిదారుసార్లు పెట్టి తీస్తూ, తీసినప్పుడల్లా పట్టీలు తుడిచాను. నాలుగోసారికి పుల్ల తెల్లగా వచ్చింది. ఆరనిచ్చి పవర్ నొక్కితే ఆట నిలకడగా నిలిచింది. అప్పుడుగాని బంగారు రంగుదాన్ని ముట్టుకోలేదు.

దాన్ని రెండుసార్లు తుడిచి, భోజనాలయ్యేదాకా ఆరనిచ్చాను. మావాడు వీడియో ఫోనులో ఉన్నాడు. మా ఆవిడ కూడా చెయ్యి తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. మనవరాలు పవర్ నొక్కింది. సంగీతం వచ్చింది. తరవాత పేర్ల పట్టిక. మొదటి వరసలో మావాడు. రెండో వరసలో టి, ఏ, టి, ఏ. పక్కనే ఆయన ఎన్నిసార్లు చచ్చిపోయాడో లెక్క, 143.

"తాతగారు నూటనలభై మూడుసార్లు ఓడిపోయారా?" అంది మనవరాలు ఆశ్చర్యంగా. "ఓడిపోయి మళ్ళీ మొదలుపెట్టారమ్మా" అన్నాడు మావాడు ఫోనులోంచి. నేనేమీ అనలేకపోయాను.

మనవరాలి ఆట మూడో వరసలో మొదలైంది. ఆపేటప్పుడు రీసెట్ బొత్తాం నొక్కి పట్టుకునే పవర్ ఆపాలి, మరిచిపోకండి, దాచుకున్న ఆటకు అదే రక్ష. ఆ తెరకు ఫొటో కూడా తీసి పెట్టుకున్నాం, బ్యాటరీని ఎన్నాళ్ళని నమ్ముతాం?

ఒకవేళ మీ పెట్టెలోవి నిజంగా పనికిరాకపోయినా చెత్తబుట్టలో వెయ్యకండి. 2012 నుంచి ఇల్లినాయ్‌లో వీడియో గేమ్ యంత్రాలను చెత్తలో పారేయడం నిషేధం, రీసైక్లింగుకి ఇవ్వాలి. ఇచ్చేముందు పిల్లలకు ఒక్క ఫోను చెయ్యండి. దేంట్లో ఎవరు దాగి ఉన్నారో వాళ్ళకే తెలుస్తుంది.

ఈ ఏడు మా ఇంట బొమ్మల కొలువులో, కొండపల్లి బొమ్మల కింద మెట్టు మీద ఆ బంగారు రంగు కేట్రిడ్జి కూడా పెడతానంటోంది మనవరాలు. మా ఆవిడ అభ్యంతరం చెప్పలేదు.

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు!