నకలు లేని రూటరు: మీట నొక్కితే ఏళ్ళ శ్రమ మాయం

న్యూఢిల్లీ: బ్యాంకు శాఖలో పింఛన్ల చెల్లింపు, రైల్వే స్టేషనులో రిజర్వేషను, పంచాయతీ కార్యాలయంలో ధ్రువపత్రాల జారీ... ఈ పనులన్నింటి వెనుక గోడ మూలన చిన్న పెట్టె ఒకటి రేయింబవళ్ళు పనిచేస్తూ ఉంటుంది. దాని పేరు రూటరు. పెట్టె చెడిపోతే మరొకటి కొని తేవచ్చు. కానీ అందులో నిక్షిప్తమైన అమరిక, అంటే కాన్ఫిగరేషన్‌, పోతే మాత్రం అది ఏ బజారులోనూ దొరకదు. దానికి ముందుగానే ఒక నకలు తీసి ఉంచుకోవడమన్నది కొద్ది నిమిషాల పని. ఆ పనిని వాయిదా వేసిన వారికి ఎంత మూల్యం తప్పదో గత రెండు దశాబ్దాల అనుభవాలు చాటుతున్నాయి.

2017 జూలైలో ప్రభుత్వరంగ టెలికాం సంస్థలైన బీఎస్‌ఎన్‌ఎల్‌, ఎంటీఎన్‌ఎల్‌ వినియోగదారులకు ఇటువంటి చేదు అనుభవమే ఎదురైంది. 'బ్రికర్‌బాట్‌' అనే హానికర ప్రోగ్రాము దాడికి వేల సంఖ్యలో ఇళ్ళు, కార్యాలయాలలోని బ్రాడ్‌బ్యాండ్‌ మోడెములు మూగబోయాయి. 60 వేలకు పైగా మోడెములు దెబ్బతిన్నట్లు అప్పట్లో వార్తలు వెలువడ్డాయి. దాడికి గురైన వాటిలో అనేకం, కర్మాగారంలో పెట్టిన 'అడ్మిన్‌' అనే సంకేతపదంతోనే పనిచేస్తున్నాయి. పాత సంకేతపదాన్ని మార్చుకోవలసిందిగా బీఎస్‌ఎన్‌ఎల్‌ తన వినియోగదారులకు విజ్ఞప్తి చేసింది. మామూలు వైరసు సమాచారాన్ని దొంగిలిస్తుంది. బ్రికర్‌బాట్‌ మాత్రం పరికరపు జ్ఞాపకశక్తినే చెరిపి దానిని ఇటుకరాయిగా మార్చివేస్తుంది. ఆ పేరు రావడానికి కారణం కూడా అదే.

రెండు చోట్ల రెండు ప్రతులు

రూటరు అమరిక సాధారణంగా రెండు చోట్ల ఉంటుందన్న సంగతి సామాన్య వినియోగదారులలో చాలామందికి తెలియదు. సిస్కో తదితర సంస్థలు తయారుచేసే పెద్ద రూటర్లలో ప్రస్తుతం అమలులో ఉన్న అమరిక తాత్కాలిక మెమరీలో ఉంటుంది. యంత్రం తిరిగి మొదలైనప్పుడు చదువుకునే అమరిక శాశ్వత మెమరీలో ఉంటుంది. ఇంజనీరు చేసిన మార్పు వెంటనే అమలులోకి వస్తుంది. అంతా సవ్యంగానే ఉన్నదనుకుని, మార్పును శాశ్వత మెమరీలోకి ఎక్కించకుండానే ఆయన వెళ్ళిపోతే నెలల తరబడి ఏ ఇబ్బందీ కనిపించదు. ఒకనాడు కరెంటు పోయి తిరిగి వస్తుంది. రూటరు పాత అమరికతో లేస్తుంది. మధ్యలో జరిగిన మార్పులన్నీ మాయమవుతాయి. అప్పటికి ఆ ఇంజనీరు మరో ఊరికి బదిలీ అయి ఉండవచ్చు. ఏ మార్పు, ఎందుకు చేశారో చెప్పగలిగేవారే ఉండరు.

అందువల్లనే మార్పు చేసిన ప్రతిసారీ దానిని శాశ్వత మెమరీలో భద్రపరచడం మొదటి మెట్టు కాగా, మరో ప్రతిని రూటరు వెలుపల ఉన్న కంప్యూటరులో దాచడం రెండవ మెట్టుగా నిపుణులు పరిగణిస్తారు. రూటరులోనే ఉన్న నకలు రూటరుతోపాటే పోతుందన్నది వారి వాదన. ప్రతి నకలు మీద తేదీ, పరికరం పేరు, అందులోని సాఫ్ట్‌వేరు సంఖ్య, మార్పుకు కారణం రాసి ఉంచితే ఆపత్కాలంలో వెతుకులాట తప్పుతుంది.

రీసెట్‌ చేసే ముందు

ఇళ్ళలో వాడే రూటర్ల వెనుక సూదిమొన పట్టేంత రంధ్రం ఒకటి ఉంటుంది. అందులోని మీటను సాధారణంగా పది సెకన్ల పాటు నొక్కి ఉంచితే యంత్రం కర్మాగారం నుంచి వచ్చిన నాటి స్థితికి చేరుకుంటుంది. దీనికి, కరెంటు తీసి మళ్ళీ పెట్టడానికి తేడా ఉన్నది. కరెంటు తీసి పెడితే అమరిక చెక్కుచెదరదు. రీసెట్‌ చేస్తే కనెక్షను ఇచ్చిన సంస్థ కేటాయించిన యూజరు పేరు, సంకేతపదం, వైఫై పేరు తదితర వివరాలన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ఫైబర్‌ కనెక్షన్లలోనైతే ఆ సంస్థ ఎక్స్చేంజితో పరికరాన్ని కలిపే వివరాలు కూడా పోయే అవకాశమున్నది. నెట్‌ నెమ్మదించిందని తొందరపడి మీట నొక్కినవారు, చివరకు మెకానిక్‌ కోసం రోజుల తరబడి ఎదురుచూడవలసి రావచ్చు.

కనుక రీసెట్‌కు ముందు రూటరు పేజీలోకి వెళ్ళి బ్యాకప్‌ ఫైలును కంప్యూటరులో దాచుకోవాలి. ఆ సదుపాయం లేనిచోట వివరాలను కాగితం మీద రాసుకున్నా సరిపోతుంది. కాగా, ఒక నమూనా రూటరు నుంచి తీసిన ఫైలు మరో నమూనాలో పనిచేయకపోవడం కద్దు. సాఫ్ట్‌వేరు మారినా ఇదే చిక్కు రావచ్చు. రీసెట్‌ పూర్తయిన మరుక్షణమే కర్మాగారపు సంకేతపదాన్ని మార్చాలి. లేకుంటే 2017 నాటి తలుపే తిరిగి తెరుచుకుంటుంది.

దేశీయంగా టెలికమ్యూనికేషన్‌ ఇంజనీరింగ్‌ సెంటర్‌ 2021లో వెలువరించిన మార్గదర్శకాలు కూడా, అన్ని పరికరాలకూ ఒకే సంకేతపదం పెట్టే పద్ధతి కూడదని స్పష్టం చేశాయి. బ్రిటన్‌లో ఇందుకు సంబంధించిన చట్టం 2024 ఏప్రిల్‌ 29 నుంచి అమలులోకి వచ్చింది.

పొరుగుదేశం నేర్పిన పాఠం

రూటరు అమరికలో ఒక్క పంక్తి పొరపాటు ఖండాంతరాలను తాకగలదనడానికి పాకిస్థాన్‌ ఉదంతమే నిదర్శనం. 2008 ఫిబ్రవరి 24న ప్రభుత్వ ఆదేశం మేరకు యూట్యూబ్‌ను తమ దేశంలో నిలిపివేసేందుకు పాకిస్థాన్‌ టెలికాం సంస్థ తన రూటర్లలో ఒక తప్పుడు మార్గాన్ని చేర్చింది. దేశం లోపలే ఉండవలసిన ఆ ప్రకటన, హాంకాంగ్‌కు చెందిన పీసీసీడబ్ల్యూ సంస్థ ద్వారా ప్రపంచమంతటికీ పాకిపోయింది. ఫలితంగా సుమారు రెండు గంటలపాటు అనేక దేశాలలో యూట్యూబ్‌ అందుబాటులో లేకుండా పోయింది. తప్పుడు మార్గాన్ని ఉపసంహరించిన తర్వాత గానీ పరిస్థితి పూర్తిగా చక్కబడలేదు.

ఇటువంటి ప్రమాదాన్ని తగ్గించేందుకు రూటరు తయారీ సంస్థలు కొన్ని వెసులుబాట్లు కల్పించాయి. జూనిపర్‌ రూటర్లలో మార్పును షరతుతో అమలు చేయవచ్చు. పది నిమిషాలలోగా ఇంజనీరు తిరిగి ధ్రువీకరించకపోతే యంత్రం తనంతట తానే పాత అమరికకు మళ్ళుతుంది. సిస్కో రూటర్లలోనైతే మార్పుకు ముందే, ఫలానా నిమిషాల తర్వాత తిరిగి మొదలుకావాలని ఆదేశించి ఉంచవచ్చు. మార్పు వికటించి ఇంజనీరుకే దారి మూసుకుపోయినా, గడువు ముగియగానే రూటరు భద్రపరచిన పాత అమరికతో లేచి దారి ఇస్తుంది.

అయితే బాగుచేయడానికి వెళ్ళే దారి కూడా అదే నెట్‌వర్కు మీద ఆధారపడితే ప్రమాదమే. 2021 అక్టోబరు 4న మరమ్మతుల సందర్భంగా ఇచ్చిన ఒక ఆదేశం వల్ల ఫేస్‌బుక్‌ కేంద్రాల మధ్య సంబంధాలు తెగిపోయాయి. వాట్సాప్‌, ఇన్‌స్టాగ్రామ్‌ సహా దాదాపు ఆరు గంటలపాటు స్తంభించాయి. దూరం నుంచి సరిదిద్దే సాధనాలు సైతం పనిచేయక ఇంజనీర్లు స్వయంగా డేటా సెంటర్లకు వెళ్ళవలసి వచ్చింది.

నకలుకూ కాపలా

ఇదిలా ఉండగా, నకలు తీయడంతోనే బాధ్యత తీరిపోదు. ఆ ఫైలులో సంకేతపదాలు, కార్యాలయ నెట్‌వర్కు స్వరూపం మొత్తం ఉంటాయి. కొన్ని పాత పద్ధతులలో దాచిన సంకేతపదాలను తేలికగా విప్పి చదవవచ్చు. నకళ్ళను పంపేందుకు చిరకాలంగా వాడుకలో ఉన్న టీఎఫ్‌టీపీ పద్ధతిలో సమాచారానికి ఎలాంటి రక్షణా లేదు. కనుక నకలును తాళం వేసిన బీరువాలోని దస్తావేజు వలె చూడవలసి ఉంటుంది.

దానిని తిరిగి ఎక్కించి చూడడం మరీ ముఖ్యం. ఎన్నడూ పరీక్షించని నకలు ఉన్నా లేనట్లే. సంవత్సరానికి ఒకటి రెండు సార్లయినా విడి రూటరులో దానిని ఎక్కించి, అన్ని సేవలూ నడుస్తున్నాయో లేదో సరిచూసుకోవడం మంచిది.

2011 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం పొంది, తర్వాత భారత్‌నెట్‌గా పేరు మారిన పథకం కింద 2 లక్షలకు పైగా గ్రామ పంచాయతీలకు ఫైబర్‌ సదుపాయం కల్పించినట్లు ప్రభుత్వం చెబుతున్నది. నగరంలో రూటరు మూగబోతే గంటలో ఇంజనీరు వస్తాడు. మారుమూల పల్లెలో అదే జరిగితే, పింఛను కోసం వచ్చిన వృద్ధురాలు రేపు రమ్మన్న మాట విని వెనుదిరగవలసిందే. మండల కార్యాలయపు బీరువాలో ఒక నకలు, దాని మీద ఒక తేదీ ఉంటే ఆమెకు ఆ రెండో ప్రయాణం తప్పుతుంది.