కణం వేరు, మందు వేరు

నేను బరంపురంలో బ్యాంకు క్లర్కుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. చదివింది బి.కాం. అయినా జీవశాస్త్రం గురించి రాయడానికి ఒక కారణం ఉంది.

కొన్నేళ్ల క్రితం వానాకాలంలో నా కాలికి తామర వచ్చింది. ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ గొట్టాలు నాలుగు రోజులు మింగాను. తగ్గలేదు సరికదా, ఇంకా పాకింది. డాక్టరుగారు మందలించారు: "అవి బాక్టీరియాకు ఇచ్చే మందులు. మీకున్నది శిలీంధ్రం. రెండింటి కణాలూ వేరు." ఆ తేడా ఏమిటో మా మనవరాలి పుస్తకం తెరిచి తెలుసుకున్నాను.

బాక్టీరియాది కేంద్రకపూర్వ కణం. దీన్ని ఒకే గది ఉన్న పల్లె బ్రాంచి అనుకోండి. లెడ్జర్లు, కౌంటరు అన్నీ ఒక్కచోటే. దాని డి.ఎన్.ఎ. చుట్టూ పొర ఉండదు. సాధారణంగా ఒకే వలయంగా కణద్రవ్యంలోనే ఉంటుంది.

మనుషులవి, జంతువులవి, మొక్కలవి, శిలీంధ్రాలవి నిజకేంద్రక కణాలు. ఇవి పెద్ద బ్రాంచి వంటివి. స్ట్రాంగ్‌రూములో లెడ్జర్లలాగా డి.ఎన్.ఎ. కేంద్రకంలో భద్రంగా ఉంటుంది. బయటికి వచ్చేది ఆర్.ఎన్.ఎ. అనే నకలు మాత్రమే. శక్తికి మైటోకాండ్రియా, మొక్కల్లో ఆహార తయారీకి హరితరేణువులు అని వేర్వేరు విభాగాలుంటాయి. బాక్టీరియాలో ఇవి ఉండవు.

ప్రోటీన్లు తయారుచేసే రైబోజోములు మాత్రం రెండింటిలోనూ ఉన్నాయి. అయితే బాక్టీరియావి 70ఎస్ రకం, మన కణద్రవ్యంలోనివి 80ఎస్ రకం. ఈ తేడాయే వైద్యానికి ఆసరా. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. అక్కడ బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. టెట్రాసైక్లిన్ మందుల్లో అదే మొదటిది. ఈ మందులు బాక్టీరియా రైబోజోమును పట్టుకుని ప్రోటీన్ల తయారీని ఆపుతాయి. మన 80ఎస్ రైబోజోముల జోలికి అంతగా రావు.

నా పొరపాటు ఇక్కడే అర్థమైంది. శిలీంధ్రమూ మనలాగే నిజకేంద్రక జీవి. మనల్ని విడిచిపెట్టే మందు దాన్నీ విడిచిపెట్టింది! అందుకే శిలీంధ్రానికి వేరే మందులున్నాయి.

పిల్లలూ, పరీక్షకు ఒక గుర్తు: పాలను తోడుపెట్టేది బాక్టీరియా, కేంద్రకపూర్వ జీవి. రొట్టెపిండిని పొంగించేది ఈస్టు, నిజకేంద్రక జీవి. పెద్దలకు నా మనవి: మిగిలిన మందులు దాచి, డాక్టరును అడగకుండా వాడకండి.