విశ్వవిద్యాలయమునకు పోషకులెవరు?

ఉన్నత పాఠశాల చదువు ముగించి, కళాశాలకును, పిమ్మట విశ్వవిద్యాలయమునకును పోవలెనని ఆశించు బాలబాలికలు మన ఖమ్మము, భద్రాచలము అడవి ప్రాంతములలో నానాటికి పెరుగుచున్నారు. అట్టివారి తల్లిదండ్రులు మొట్టమొదట అడుగునది, "ఫీజు ఎంత?" యని. ఆ ప్రశ్న సహజమే. అయినను ప్రభుత్వ విశ్వవిద్యాలయమున సామాన్యమైన కోర్సు చదువు విద్యార్థి చెల్లించునది, వాని చదువునకగు వ్యయములో కొంత భాగము మాత్రమే. అధ్యాపకుని జీతము, ప్రయోగశాల, గ్రంథాలయము, వసతిగృహము మొదలగువాని ఖర్చును ఎవరు భరించుచున్నారు? ఈ సంగతి విద్యార్థులును పెద్దలును తెలిసికొనుట అవసరము.

విశ్వవిద్యాలయమునకు ధనము ముఖ్యముగా మూడు త్రోవల వచ్చును: ప్రభుత్వమిచ్చు గ్రాంటు, దాతలిచ్చు విరాళము, విద్యార్థులిచ్చు ఫీజు. మొదటి రెంటికిని మంచి దృష్టాంతములు మన గోదావరికి ఇరుగట్లనే కలవు.

పూర్వము భద్రాచలము తాలూకా మద్రాసు రాజధానిలోనిది. ఖమ్మము, పాల్వంచ ప్రాంతములు నిజాము రాజ్యములోనివి. కావున నది కీవలి విద్యార్థికి ఒక విశ్వవిద్యాలయము, ఆవలి విద్యార్థికి మరియొకటి ఏర్పడినవి. ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918లో మీర్ ఉస్మాన్ అలీఖాను ఫర్మానాచే వెలసి, రాజ్యపు ఖజానాచేతనే పోషింపబడినది. ఆంధ్ర విశ్వవిద్యాలయమన్ననో మద్రాసు శాసనసభ చేసిన చట్టముచే 1926లో బెజవాడలో ఆరంభమై, 1930లో వాల్తేరు చేరినది. దానికి ప్రభుత్వపు గ్రాంటుతోబాటు దాతల ఆదరణ కూడ కావలసివచ్చెను. కట్టమంచి రామలింగారెడ్డిగారు మొదటి ఉపాధ్యక్షులుగాను, 1931 మొదలు సర్వేపల్లి రాధాకృష్ణగారు వారి తరువాతను దానిని నడపిరి.

ఆ దాతలలో అగ్రగణ్యులు జయపురము మహారాజు విక్రమదేవవర్మగారు. స్వయముగ పండితులును కవులును అగు వీరు, విశ్వవిద్యాలయమునకు ఏటేట లక్షరూపాయల విరాళ మొసగిరి. అక్కడి విజ్ఞాన, సాంకేతిక కళాశాలకు వారి పేరే పెట్టబడినది. రసాయన, భౌతిక శాస్త్రములను ఆంధ్రదేశమున ఉన్నతస్థాయిలో నేర్చుకొనుటకు ఈ దానము ఎంతో తోడ్పడినది.

ఈ లక్ష ఎచ్చటనుండి వచ్చినదో మన ప్రాంతపు చదువరులు ఒక్కింత ఆలోచింపవలెను. జయపురము జమీ నేటి ఒడిశాలోని కోరాపుట్టు, మల్కనగిరి అడవులలో వ్యాపించియుండినది. మల్కనగిరి మన భద్రాచలపు మన్యమునకు పొరుగుననే యున్నది. అచ్చటను కోయలు కలరు. ఆ జమీ ఆదాయమనగా కొండలలో పోడు కొట్టి, పల్లములో వరి పండించిన ప్రజలు చెల్లించిన శిస్తును, అడవిపై వచ్చిన రాబడియునే. ఇచ్చినవారు మహారాజు, అయినను ఆ సొమ్మునకు మూలము అడవిబిడ్డల కష్టము. సముద్రతీరమున లేచిన ప్రయోగశాలలో వారికిని వాటా కలదనుట న్యాయమే.

గ్రాంటు సంగతియు ఇంతే. ప్రభుత్వమునకు తనదైన ధనము లేదు. సబ్బు కొన్న కూలివాడు చెల్లించు పన్నును, తునికాకు, బొగ్గు మొదలగువానివలన వచ్చు రాబడియు ఖజానా చేరి, అందొక పాలు గ్రాంటుగా విశ్వవిద్యాలయమునకు పోవును.

ఇక ఆ గ్రాంటు ఎట్లు వచ్చునో చూతము. రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు రాష్ట్రప్రభుత్వము ఏటేట బడ్జెటులో మొత్తముగా కొంత ధనము కేటాయించును. అందధికభాగము జీతములకును పింఛనులకును పోవును. కేంద్రమునుండి సహాయము వచ్చుటకై 1953లో విశ్వవిద్యాలయ గ్రాంటుల సంఘము ఏర్పడి, 1956లో చట్టబద్ధమైనది. భవనములకును, పరికరములకును, పరిశోధనలకును వేర్వేరు పద్దులు కలవు. ఒక పద్దు ధనమును వేరొక పద్దునకు వాడరాదు. ఖర్చుచేసినదానికి లెక్క చూపి, వినియోగపత్రము పంపిననే తరువాతి వాయిదా వచ్చును. మార్చి 31 లోపల ఖర్చుకాని సొమ్ము తరచుగా మురిగిపోవును.

విరాళపు పద్ధతి వేరు. దాత ఒకేసారి ఖర్చునకీయవచ్చును. లేదా మూలధనమును శాశ్వతనిధిగా నుంచి, దాని వడ్డీని మాత్రము వాడుడని నియమింపవచ్చును. లక్షరూపాయలు నూటికి ఏటా ఆరు వంతున వడ్డీకి వేసిన, ఏటికి ఆరువేలు వచ్చును. ఆ సొమ్ముతో ఒక బీదవిద్యార్థికి పుస్తకములు కొనవచ్చును. స్నాతకోత్సవములలో దాతల పేర పంచు బంగారుపతకములు పెక్కు ఇట్టి నిధులవలననే వచ్చుచున్నవి. కాని వడ్డీ తగ్గి, బంగారము ధర పెరిగిన, ఆ నిధి పతకమునకు చాలదు. అందుచేత వడ్డీలో కొంత మరల మూలధనమున చేర్చుట మంచి నిర్వాహకుల పద్ధతి.

గ్రాంటు, విరాళము అను నీ రెంటిలో ఏది మేలు? విరాళము క్రొత్త ద్వారములను తెరచును. ప్రభుత్వము ఇంకను తలపెట్టని శాస్త్రమునకు దాత పునాది వేయగలడు. కాని అది దాత ఇష్టమును, ఆదాయమును బట్టి యుండును. జమీందారీలే 1950 ప్రాంతములలో చట్టముచే రద్దైనవి. పైగా గొప్ప భవనమునకు పేరుంచ గోరువారు పెక్కురుగాని, ప్రయోగశాల సహాయకుని నెలజీతమునకు విరాళమిచ్చువారు అరుదు. ప్రతినెలయు తప్పని ఖర్చులకు ప్రభుత్వ గ్రాంటే ఆధారము. ఆ గ్రాంటు చాలనప్పుడు ఉద్యోగములు ఖాళీగానే యుండును. ఫీజు స్వయముగ భరించుకొను కోర్సులు పెరుగును. ధనవంతుని బిడ్డ వేరొకచోటికి పోగలడు. చింతూరు, చర్ల, దుమ్ముగూడెముల బాలిక ఎక్కడికి పోగలదు? గ్రాంటు తగ్గుట మొదట సోకునది ఆమెకే.

మన సమీపమున విశ్వవిద్యాలయములు లేకపోలేదు. వరంగల్లులో కాకతీయ విశ్వవిద్యాలయము 1976లో నెలకొన్నది. కొత్తగూడెము బొగ్గుగనుల నడుమ పెరిగిన గనుల విద్యాలయమును ఆధారము చేసికొని, 2025లో రాష్ట్రప్రభుత్వము భూవిజ్ఞాన విశ్వవిద్యాలయమును మన్మోహన్ సింగుగారి పేర నెలకొల్పినది. ములుగునకు వచ్చిన గిరిజన విశ్వవిద్యాలయమును తెలంగాణమున స్థాపింతుమని 2014 నాటి రాష్ట్ర పునర్విభజన చట్టమున చెప్పబడినది. అందులకు పార్లమెంటు చట్టము చేసినది 2023లో. సుమారు 889 కోట్ల రూపాయల వ్యయమునకు కేంద్రమంత్రివర్గము అదే సంవత్సరము సమ్మతించినది. మాట యిచ్చుటకును చట్టమగుటకును నడుమ తొమ్మిదేండ్లు గడచినవి. అప్పుడు పదవతరగతిలో నున్నవారు ఈలోగా చదువు వయస్సే దాటిపోయిరి. ఆలస్యమైన గ్రాంటు ఒక తరమునకు అందకపోవునని దీనివలన తెలియుచున్నది.

కావున తల్లిదండ్రులారా, మీరు ఫీజు ఎంతయని అడుగునప్పుడే, ఈ యేడు గ్రాంటు ఎంత వచ్చినది, అధ్యాపకుల స్థానములెన్ని నిండినవి, ఉపకారవేతనములు వేళకు ముట్టుచున్నవా యని కూడ అడుగుడు. మీ ప్రతినిధులను అడుగుటకు మీకు హక్కు కలదు. ఆ సొమ్ము మీదే. విద్యార్థులారా, మీరు పై చదువులకు పోయినప్పుడు, మీ కుర్చీకి వెల చెల్లించినవారిలో ఎన్నడును బడి చూడని తునికాకు కూలీ కూడ నున్నదని ఎరుగుడు. రేపు మీరు సంపాదనపరులైన నాడు పెద్దమొత్తమే ఈయనక్కరలేదు. తోడివారు పదిమంది కలసి చిన్ననిధి చేర్చి, దాని వడ్డీతో ఈ అడవిపల్లెలలోని ఒక్క బిడ్డకైనను పుస్తకములు కొనిపెట్టుడు.